బొమ్మను మోసే తీగలు



మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ఇంకా ఉంటే, మనమంతా సీపీయూ అని పిలుచుకునే ఆ డబ్బా వెనక్కి ఒకసారి చెయ్యి పోనివ్వండి. బొమ్మ చూపించే వీలు రేడియోకి లేదు కాబట్టి వేళ్లతోనే చూద్దాం. రెండు పక్కలా స్క్రూలు బిగించే గుంటలున్న ఒక సాకెట్ తగులుతుంది. పై అంచు వెడల్పుగా, కింది అంచు కాస్త ఇరుకుగా ఉంటుంది. లోపల వరసకు అయిదు చొప్పున మూడు వరసల్లో 15 చిల్లులు. కళ్లతో చూస్తే నీలం రంగు. అది వీజీఏ. ఇప్పుడు ఇంట్లో టీవీ వెనక చెయ్యి పెట్టండి. బొటనవేలంత వెడల్పుతో, సన్నటి చీలికలాంటిది ఒకటి దొరుకుతుంది. అది హెచ్‌డీఎంఐ. పిల్లల కొత్త ల్యాప్‌టాప్ పక్క అంచు తడిమితే ఇంకా చిన్నది, కోడిగుడ్డులా గుండ్రటి మొనలున్నది తగులుతుంది. ఫోన్ ఛార్జర్ పెట్టేది, టైప్‌-సి.

మూడూ చేసే పని ఒక్కటే. లోపల తయారైన బొమ్మను తెర దాకా మోసుకెళ్లాలి. ఒకే పనికి ఇన్ని సాకెట్లు ఎందుకొచ్చాయని అడిగితే, దుకాణంలో వెంటనే ఒక జవాబు చెబుతారు. పాతది అనలాగ్, కొత్తది డిజిటల్, టెక్నాలజీ పెరిగింది అంటారు. అందులో నిజం సగమే. ఐబీఎం పీసీ తెరకు మొదట వెళ్లింది డిజిటల్ సిగ్నలే. ఆరేళ్ల తర్వాత దాన్ని వదిలిపెట్టి అనలాగ్‌కు మారారు. మరో పన్నెండేళ్లకు మళ్లీ డిజిటల్‌కు వచ్చారు. ఇలా అటూ ఇటూ తిరగడానికి తీగల తెలివికన్నా తెరల తీరు, తయారీదార్ల లెక్కలే ఎక్కువ కారణం. ఆ కథే ఇవాళ చెప్పుకుందాం.

1970ల చివర్లో ఇంటి కంప్యూటర్లు మొదలైనప్పుడు వాటిలో చాలావాటితో పాటు మానిటర్ వచ్చేది కాదు. మానిటర్ ఖరీదు. ఇంట్లో టీవీ ఎలాగూ ఉంది. అయితే అప్పటి టీవీకి ఉన్న దారి ఒక్కటే, యాంటెన్నా సాకెట్. ప్రసార కేంద్రం నుంచి గాలిలో వచ్చే తరంగం తప్ప మరో భాష ఆ టీవీకి తెలియదు. అందుకని కంప్యూటరే ఒక బుల్లి ప్రసార కేంద్రం అవతారం ఎత్తాల్సి వచ్చింది. ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న రేకు డబ్బా, కంప్యూటర్ తయారుచేసిన బొమ్మను ఒక టీవీ ఛానల్ తరంగం మీద ఎక్కించి యాంటెన్నా తీగలోకి పంపేది. మీరు టీవీలో ఆ ఛానల్ తిప్పితే మీ కంప్యూటర్ కనిపిస్తుంది.

రేడియో వినేవాళ్లకు ఇందులో చిక్కు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. ఆ తరంగం తీగలోనే ఉండిపోతుందన్న నమ్మకం లేదు. కాస్త బయటికి కారితే పక్కింటి టీవీలో గీతలు. అమెరికాలో ప్రసార తరంగాలను అదుపు చేసే సంస్థ ఈ విషయంలో గట్టిగా ఉండేది. 1977లో యాపిల్-2 వచ్చినప్పుడు అందుకే మాడ్యులేటర్‌ను ఆ పెట్టెలో పెట్టలేదు. వేరే చిన్న కంపెనీ దాన్ని విడిగా తయారుచేసి అమ్మింది. కంప్యూటర్ ఒకరిది, దాని బొమ్మ బయటికొచ్చే దారి ఇంకొకరిది. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, నియమాల నుంచి తప్పుకోవడానికి అదొక మంచి ఉపాయం.

మన దేశంలో ఈ కాలాన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు కొందరు ఉండవచ్చు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు కంప్యూటర్లు పంపింది. అవి బ్రిటన్‌కు చెందిన బీబీసీ మైక్రోలు. ఆ యంత్రం వెనక బొమ్మ బయటికి రావడానికి మూడు దారులుండేవి. ఒకటి నేను చెప్పిన టీవీ తరంగం దారి. రెండోది కాంపోజిట్. అంటే తరంగం మీదికి ఎక్కించకుండా, వెలుతురూ రంగూ కలిపేసిన సిగ్నల్‌ను నేరుగా పంపడం. డీవీడీ ప్లేయర్లకూ పాత సెట్‌టాప్ బాక్సులకూ ఉండే పసుపు పిన్ను తీగలో నడిచేది ఈ సిగ్నలే. మూడోది ఆర్‌జీబీ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులకూ మూడు వేర్వేరు తీగలు.

ఒకే కంప్యూటర్, ఒకే బొమ్మ. మొదటి దారిలో అక్షరాలు అలుక్కుపోయేవి. రెండో దారిలో రంగు కలిపి పంపితే అంచుల వెంట లేని రంగులు మెరిసేవి. మూడో దారిలో శుభ్రంగా కనిపించేవి. కలిపిన వాటిని అవతల విడదీసేటప్పుడు కొంత పోతుంది. కలపకుండా పంపితే పోదు. అంతవరకు విషయం సులువే. వ్యాపారానికి కంప్యూటర్ కొనేవాడు రోజంతా అక్షరాలు చదవాలి కాబట్టి అతనికి టీవీ పనికిరాదు. వేరే తెర కావాలి, వేరే తీగ కావాలి.

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ ఈ అవసరంతోనే వచ్చింది. దానికి తెర కార్డులు రెండు రకాలు. అక్షరాలు మాత్రమే చూపించే ఎండీఏ ఒకటి. బొమ్మలూ రంగులూ చూపించే సీజీఏ ఇంకొకటి. రెండింటికీ తొమ్మిది పిన్నుల సాకెట్టే పెట్టారు. చేత్తో తడిమినా, కళ్లతో చూసినా తేడా తెలియదు. లోపలి సిగ్నళ్లు మాత్రం వేరు. ఎండీఏ సెకనుకు సుమారు 18 వేల గీతలు గీయిస్తుంది, సీజీఏ 16 వేలకు కాస్త తక్కువ. అప్పటి గాజు గొట్టపు మానిటర్ కార్డు వేసిన తాళానికే ఆడేది. ఐబీఎం ఆకుపచ్చ అక్షరాల మానిటర్‌ను తీసుకెళ్లి రంగుల కార్డుకు తగిలిస్తే దాని లోపలి సర్క్యూట్ వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉండేది. ప్లగ్ చక్కగా దూరుతుంది, స్క్రూలు చక్కగా బిగుసుకుంటాయి, మానిటర్ చెడిపోతుంది. ఆ రెండింటికీ వేరే ఆకారాల సాకెట్లు పెట్టడానికి ఎంత ఖర్చయ్యేదని ఇప్పటికీ అడగాలనిపిస్తుంది.

సీజీఏ రంగుల లెక్క చూడండి. ఎరుపుకు ఒక తీగ, ఆకుపచ్చకు ఒకటి, నీలానికి ఒకటి, వెలుగు పెంచడానికి ఒకటి. నాలుగు తీగలు. ఒక్కొక్క తీగలో కరెంటు ఉంటుంది లేదా ఉండదు, మధ్యస్థం లేదు. అచ్చమైన డిజిటల్. నాలుగు తీగలతో 16 కలయికలు, 16 రంగులు. ఇందులో ఒక చిన్న ముచ్చట ఉంది. ఎరుపు, ఆకుపచ్చ కలిపి వెలుగు తగ్గిస్తే లెక్క ప్రకారం మురికి పసుపు రావాలి. అది చూడ్డానికి బాగాలేదని ఐబీఎం తన రంగుల మానిటర్ లోపల ప్రత్యేకంగా ఒక సర్క్యూట్ పెట్టింది. ఈ ఒక్క కలయిక వచ్చినప్పుడు ఆకుపచ్చను సగం చేసి గోధుమ రంగు చూపించమని. కంప్యూటర్ పంపింది ఒకటి, తెర చూపింది ఇంకొకటి. ఆ సర్క్యూట్ లేని చవక మానిటర్లలో మురికి పసుపే కనిపించేది.

ఈ రెండు కార్డుల మధ్య ఖాళీని పూరించింది బయటి మనిషి. వాన్ సువన్నుకుల్ అనే థాయ్‌లాండ్ విద్యార్థి అమెరికాలో డాక్టరేట్ చేస్తూ, తన పరిశోధన వ్యాసాన్ని ఐబీఎం పీసీ మీద థాయ్ లిపిలో రాసుకోవాలనుకున్నాడు. ఎండీఏ చూపించే అక్షరాలన్నీ ముందే చిప్పులో పోసి పెట్టినవి, అందులో థాయ్ లేదు. సీజీఏలో గీసుకోవచ్చు గానీ, తెర మీద చుక్కలు చాలవు. పైనా కిందా గుర్తులు పడే లిపికి అది సరిపోదు. దాంతో ఆయన సొంతంగా ఒక కార్డు తయారుచేశాడు. 1982లో వచ్చిన ఆ హెర్క్యులిస్ కార్డు అడ్డంగా 720, నిలువుగా 348 చుక్కలతో, అక్షరాల మానిటర్ మీదే బొమ్మలు గీయగలిగింది. ప్రపంచమంతా లెక్కల పటాల కోసం దాన్ని కొన్నది. పుట్టింది మాత్రం ఒక ఆసియా లిపి కోసం.

గుణింతాలు, ఒత్తులు రాసే మనకు ఆ కష్టం ఒకరు చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరానికి కేటాయించిన గడిలో ‘స్త్రీ’ ఎక్కడ పడుతుంది? మన దగ్గర ఇదే పని మరో తీరులో జరిగింది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీడాక్ సంస్థ చేతికి వచ్చిన జిస్ట్ సాంకేతికత ఒక కార్డు రూపంలో కంప్యూటర్లో దూరి, ఇంగ్లీషు కోసం రాసిన ప్రోగ్రాముల్లోనే తెలుగుతో సహా భారతీయ లిపులను తెర మీదికి తెచ్చింది. తెలుగు తెరకెక్కిన చరిత్ర రాసేటప్పుడు ఫాంట్ల గురించి చాలా రాస్తారు. ఈ కార్డుల గురించి ఇంకా ఎక్కువ రాయాలి.

సరే, మళ్లీ సాకెట్ల దగ్గరికి. 1984లో ఐబీఎం ఈజీఏ కార్డు వచ్చింది. రంగుకు రెండు చొప్పున ఆరు తీగలు. 64 రంగులు, అందులోంచి ఒకేసారి 16. అదే తొమ్మిది పిన్నుల సాకెట్. ఇక్కడ ఇంజినీర్ల ముందు ఒక గోడ లేచింది. రంగులు పెంచాలంటే తీగలు పెంచాలి. ప్రతి రంగుకూ 64 మెట్ల వెలుగు కావాలనుకుంటే రంగుకు ఆరు తీగలు, మొత్తం 18. అవి కాక నేలతీగలు, తాళం వేసే తీగలు. కేబుల్ మోకు లావవుతుంది.

1987 ఏప్రిల్‌లో ఐబీఎం తన పీఎస్-2 కంప్యూటర్లతో తెచ్చిన వీజీఏ ఈ గోడను దాటింది. ఎలా? డిజిటల్‌ను వదిలేసి. అప్పటిదాకా ప్రతి రంగు తీగా లైటు స్విచ్చులా ఉండేది, వేస్తే వెలుగు, తీస్తే చీకటి. వీజీఏ దాన్ని ఫ్యాన్ రెగ్యులేటర్ చేసింది. ఒక్క తీగే, కానీ సున్నా నుంచి 0.7 వోల్టుల దాకా ఎంతైనా ఉండవచ్చు. ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, నీలానికి ఒకటి, మూడంటే మూడు తీగలు. కార్డులోని చిప్పు ప్రతి రంగునూ 64 మెట్లలో పంపగలదు. 64ను 64తో, మళ్లీ 64తో హెచ్చిస్తే 2,62,144 రంగులు. తీగల వైపు నుంచి చూస్తే దీనికి హద్దే లేదు. తర్వాతి సంవత్సరాల్లో కార్డులు మెరుగై కోటీ అరవై ఏడు లక్షల రంగులకు చేరినా, సాకెట్‌ను మార్చాల్సిన పని రాలేదు. వెనక్కి వెళ్లినట్టు కనిపించే ఆ అడుగే ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన అడుగని నా అభిప్రాయం.

ఆ 15 పిన్నుల సంగతి కొంచెం చెప్పుకుందాం. మొదటి మూడూ రంగులు. ఆరు, ఏడు, ఎనిమిది ఆ రంగుల తిరుగుదారులు. 13 ఒక గీత అయిపోయిందని చెబుతుంది, 14 ఒక తెర నిండిందని చెబుతుంది. గాజు గొట్టంలో ఎలక్ట్రాన్ల ధార ఎడమ నుంచి కుడికి గీత గీస్తూ, పై నుంచి కిందికి దిగుతూ ఉంటుంది కదా, దానికి తాళం ఈ రెండు పిన్నులదే. తొమ్మిదో పిన్ను చాలా కేబుళ్లలో ఉండనే ఉండదు. మధ్య వరసలో ఆ ఖాళీ చూసి పిన్ను విరిగిపోయిందని కొత్త కేబుల్ కొన్నవాళ్లున్నారు. అది పుట్టుకతోనే ఖాళీ.

ఇంకో ఉపకారం కూడా వీజీఏ చేసింది. రోగం ఏమిటో రంగును చూసి చెప్పేయవచ్చు. తెరంతా పసుపు తిరిగితే నీలం తీగ తెగింది. గులాబీ రంగు పులుముకుంటే ఆకుపచ్చ పోయింది. సముద్రం రంగు కమ్ముకుంటే ఎరుపు పోయింది. ఇంటర్నెట్ సెంటర్ల రోజుల్లో మానిటర్ పసుపు పచ్చగా మారితే కుర్రాడు వెనక ప్లగ్‌ను కాస్త కదిలించి, స్క్రూ బిగించి వెళ్లిపోయేవాడు. ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

అయితే వీజీఏ తీగకు ఒక లోటు ఉండేది. మొదట్లో అది దాదాపు మూగది, చెవిటిది. ఇప్పుడు నేను మాట్లాడుతున్నట్టే. మీరు వింటున్నారో, కట్టేసి వెళ్లిపోయారో నాకు తెలిసే మార్గం లేదు. కార్డు కూడా అంతే, తెర ఉన్నా లేకపోయినా బొమ్మను పంపుతూనే ఉంటుంది. 1989లో ఏర్పడిన వీసా అనే తయారీదార్ల సంఘం, మనం విదేశాలకు వెళ్లే వీసా కాదండీ, 1994లో దీనికి మందు వేసింది. 12, 15 నంబర్ల పిన్నుల మీద మానిటర్ తన జాతకం తానే చెప్పుకునే ఏర్పాటు. ఎవరు చేశారు, ఏ వారంలో, ఏ సంవత్సరంలో, ఎన్ని చుక్కల తెర, ఏ వేగం. అంతా కలిపి 128 బైట్లు. కంప్యూటర్ ఆన్ చేయగానే తెరకు సరిపడే కొలతలు వాటంతటవే కుదరడం అప్పటి నుంచే. తర్వాత వచ్చిన ప్రతి సాకెట్‌లోనూ ఈ జాతకం పద్ధతి ఉంది. నా మాట గుర్తుంచుకోండి, తీగ మాట్లాడటం ఇక్కడ మొదలైంది. దీని పర్యవసానాలు తర్వాత వస్తాయి.

కొత్త శతాబ్దం దగ్గరపడేసరికి గాజు గొట్టాలు పోయి పలచటి ఎల్‌సీడీ తెరలు రావడం మొదలైంది. ఎల్‌సీడీలో ధార లేదు, గీతలు గీయడం లేదు. ప్రతి చుక్కకూ ఒక అంకె కావాలి. కంప్యూటర్ లోపల బొమ్మ ఎలాగూ అంకెలే. మధ్యలో వీజీఏ తీగ ఉంది. అంకెలను వోల్టులుగా మార్చి పంపితే, తెర ఆ వోల్టులను కొలిచి మళ్లీ అంకెలు చేసుకోవాలి. ఎక్కడ ఏ చుక్క మొదలైందో ఊహించుకోవాలి. ఊహ కొంచెం తప్పితే అక్షరాల అంచులు వణుకుతాయి. ఆ మానిటర్లకు కింద ‘ఆటో’ అని ఒక బొత్తం ఉండేది, జ్ఞాపకముందా? నొక్కగానే తెర ఒకసారి ముడుచుకుని, విచ్చుకుని, సర్దుకునేది. ఊహను మళ్లీ మొదటి నుంచి చేసుకోమని చెప్పడమే ఆ బొత్తం పని.

1999లో ఇంటెల్, సిలికాన్ ఇమేజ్, కాంపాక్, ఫుజిట్సు, హెచ్‌పీ, ఐబీఎం, ఎన్‌ఈసీ అనే ఏడు కంపెనీలు కూడి డీవీఐని ప్రకటించాయి. మరి మోకు లావు కేబుల్ భయం ఏమైంది? ఈసారి పక్కపక్కన తీగలు పెంచలేదు. ఒకే తీగ జతలో అంకెలను ఒకదాని వెనక ఒకటి విపరీతమైన వేగంతో పంపారు. రంగుకు ఒక జత. ఒక్కొక్క జతలో సెకనుకు 165 కోట్ల బిట్ల దాకా. జతలోని ఒక తీగ పెరిగినప్పుడు రెండోది తగ్గుతుంది, అవతల వాటి మధ్య తేడాను మాత్రమే చదువుతారు. దారిలో బయటి గోల రెండు తీగలకూ ఒకేలా తగులుతుంది కాబట్టి తేడాలో అది కొట్టుకుపోతుంది. 1987లో ఇంత వేగంగా నడిచే చిప్పులు చవగ్గా దొరికేవి కావు. అందుకే అప్పుడు అనలాగ్ సరైనది, ఇప్పుడు డిజిటల్ సరైనది. రెండు నిర్ణయాలూ వాటి కాలానికి ఒప్పే.

డీవీఐ తెల్లగా, వెడల్పుగా ఉండేది. పాత వీజీఏ మానిటర్లను కూడా నడిపేలా కొన్నింటిలో అనలాగ్ పిన్నులు అదనంగా పెట్టారు, కొన్నింటిలో పెట్టలేదు. మళ్లీ పాత కథే, చూడ్డానికి ఒక్కలాంటివే, కొన్ని దూరతాయి, కొన్ని దూరవు. మన ఆఫీసుల్లో అది పెద్దగా పాతుకోలేదు. పాతుకునేలోపే హెచ్‌డీఎంఐ వచ్చింది.

హెచ్‌డీఎంఐ కంప్యూటర్ వాళ్ల బిడ్డ కాదు, టీవీ వాళ్ల బిడ్డ. 2002 డిసెంబరులో హిటాచీ, మత్సుషితా, ఫిలిప్స్, సోనీ, థామ్సన్, తోషిబా, సిలికాన్ ఇమేజ్ కలిసి మొదటి రూపం విడుదల చేశాయి. బొమ్మ పంపే పద్ధతి అచ్చంగా డీవీఐదే. అందుకే ఆ రెండింటి మధ్య మార్చే ముక్కలో చిప్పు ఉండదు, ఉత్త తీగలే. హెచ్‌డీఎంఐతో అందరి ఇళ్లకూ చేరినవి రెండు. మొదటిది శబ్దం. బొమ్మకొక తీగ, మాటకొక తీగ పెట్టుకునే అవస్థ తప్పింది. టీవీ వెనక ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులను ఏది ఎందులోనో వెతుక్కుంటూ వంగిన నడుములకు ఆ సుఖం తెలుసు.

రెండోది అనుమతి. సినిమా కంపెనీలకు ఒక భయం ఉండేది. బొమ్మ అంకెల రూపంలో, నాణ్యత చెడకుండా తీగలోంచి బయటికొస్తే అక్కడే పట్టి నకలు చేసుకుంటారని. ఇంటెల్ తయారుచేసిన హెచ్‌డీసీపీ అనే తాళం ఆ భయానికి జవాబు. ప్లేయర్ తెరను అడుగుతుంది, నీ దగ్గర తాళంచెవి ఉందా అని. తెర సరైన జవాబు చెబితేనే సినిమా నడుస్తుంది. నడుస్తుండగా కూడా మధ్యమధ్య అడుగుతూనే ఉంటుంది. 1994లో తన కొలతలు చెప్పుకోవడానికి నోరు విప్పిన తీగ, ఎనిమిదేళ్లకల్లా ఇంటి యజమానిని గుర్తింపు కార్డు చూపించమనే స్థాయికి చేరింది. డబ్బు పెట్టి కొన్న డిస్కు, డబ్బు పెట్టి కొన్న టీవీ, మధ్యలో ఒక పాత పరికరం జవాబు చెప్పలేకపోతే నల్లటి తెర. 2010 సెప్టెంబరులో ఆ తాళానికి మూలమైన అసలు తాళంచెవే ఇంటర్నెట్లో బయటపడింది. అది అసలుదేనని ఇంటెల్ ఒప్పుకుంది కూడా. నకళ్లు చేసేవాళ్లను ఆ తాళం ఎంత ఆపిందో గానీ, ఇంట్లో కూర్చుని సినిమా చూసేవాళ్లను మాత్రం బాగానే ఆపింది.

హెచ్‌డీఎంఐ పెట్టుకున్నందుకు తయారీదారు రుసుము కట్టాలి. ఏడాదికి వేల డాలర్లు, ఆపైన పరికరానికి ఇంత అని. పెద్ద కంపెనీకి అది చిల్లర. చిన్నవాళ్లకు కాదు. ఈ యాజమాన్యం డబ్బు దగ్గరే ఆగలేదు. ఏఎండీ కంపెనీ తన కార్డుల్లోని హెచ్‌డీఎంఐ 2.1 సౌకర్యాన్ని లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అందరూ చదవగలిగే ప్రోగ్రాముగా రాయడానికి పని మొదలుపెట్టింది. హెచ్‌డీఎంఐ నియమాలు రాసే హెచ్‌డీఎంఐ ఫోరం 2024లో దానికి ఒప్పుకోలేదు. తీగ మీ ఇంట్లోదే, కార్డు మీరు కొన్నదే, దాన్ని ఎలా నడపాలో బహిరంగంగా రాయడానికి మాత్రం ఇంకొకరి అనుమతి కావాలి.

కంప్యూటర్ వాళ్లు తమ దారి తాము చూసుకున్నారు. వీసా సంఘం 2006లో డిస్‌ప్లేపోర్ట్ తెచ్చింది. ఒక మూల నరికిన హెచ్‌డీఎంఐలా కనిపిస్తుంది, 20 పిన్నులు. పరికరానికింత అని వీసా వసూలు చేయదు. ఇందులో బొమ్మ ధారగా పోదు. ఇంటర్నెట్లో సమాచారం వెళ్లినట్టు చిన్న చిన్న పొట్లాలుగా పోతుంది. అందువల్ల ఒక సాకెట్ నుంచి మొదటి మానిటర్‌కు, దాన్నుంచి రెండోదానికి గొలుసుకట్టుగా తెరలు నడిపే వీలు తర్వాతి రూపంలో వచ్చింది. దీని ప్లగ్ మీద చాలావరకు చిన్న బొత్తం ఉంటుంది, నొక్కి తీయాలి. నొక్కకుండా లాగేవాళ్లు సాకెట్‌ను కూడా ఊడబీకుతారు. మంచి సాకెట్టే, కానీ టీవీల్లోకి రాలేకపోయింది, అందుకే మన ఇళ్లలో దాని పేరు తెలియదు.

పేరు తెలియకపోయినా అది మన చేతుల్లోకి వచ్చేసింది. 2014లో టైప్‌-సి వచ్చింది. 24 స్పర్శలు, ఎటు తిప్పి పెట్టినా సరే. అదే ఏడాది ఈ సాకెట్ గుండా డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్ పంపే పద్ధతినీ ప్రకటించారు. కొత్త ల్యాప్‌టాప్ నుంచి ఒక్క టైప్‌-సి తీగ మానిటర్‌కు పెడితే బొమ్మ అటు వెళ్తుంది, ఛార్జింగ్ ఇటు వస్తుంది, మానిటర్‌కు తగిలించిన కీబోర్డు, మౌస్ కూడా పనిచేస్తాయి. ఆ తీగలో నడిచేది చాలావరకు డిస్‌ప్లేపోర్టే, వేషం వేరు.

ఆ సుఖానికి వెనక 1981 నాటి ఇబ్బంది మళ్లీ తలెత్తింది. టైప్‌-సి అనేది ఆకారం మాత్రమే. లోపల ఏముందో ఆకారం చెప్పదు. ఒక ఫోన్ బొమ్మను బయటికి పంపగలదు, అచ్చం అలాంటి సాకెట్టే ఉన్న ఇంకో ఫోన్ పంపలేదు. ఒక తీగలో వేగంగా నడిచే జతలుంటాయి, ఇంకో తీగలో ఛార్జింగ్‌కు సరిపడేవే ఉంటాయి. రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ చక్కగా దూరతాయి. ఒక మేలు మాత్రం జరిగింది. ఇప్పుడు తప్పు తీగ పెడితే మానిటర్ కాలిపోదు. రెండు వైపులా ముందు మాట్లాడుకుని, కుదరదనుకుంటే ఊరుకుంటాయి. కారణం మాత్రం మీకు చెప్పవు.

ఇక వీజీఏ సంగతి. 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శాంసంగ్, ఎల్‌జీ కలిసి దానికి గడువు పెట్టాయి. 2015 కల్లా ఇంటెల్, ఏఎండీ తమ చిప్పుల్లోంచి తీసేస్తామన్నాయి. చాలావరకు తీసేశాయి కూడా. ల్యాప్‌టాప్‌ల పక్క అంచు పలచబడటంతో ఆ లావు సాకెట్‌కు చోటూ లేకపోయింది. కానీ తరగతి గది పైకప్పుకు బిగించిన ప్రొజెక్టర్‌కు, గోడ లోపల గొట్టంలో వేసిన ముప్పై అడుగుల తీగకు ఈ ప్రకటన వినపడలేదు. గోడ పగలగొట్టి ఎవరు మారుస్తారు? పెద్ద పెద్ద సర్వర్ల వెనక ఈ రోజుకూ వీజీఏ సాకెట్ పెట్టి అమ్ముతున్నారు. సర్వర్ మొరాయించిన రాత్రి ఇంజినీరు చక్రాల బల్ల మీద ఒక పాత మానిటర్‌ను తోసుకొచ్చి తగిలించినప్పుడు, అక్షరాలు కనిపిస్తే చాలు. తాళంచెవి అడగకూడదు, రుసుము అడగకూడదు, జాతకం చెప్పకపోయినా బొమ్మ ఇవ్వాలి. ఈ షరతులకు ఒప్పుకునేది అదొక్కటే.

పాత ప్రొజెక్టర్, కొత్త ల్యాప్‌టాప్ కలిసే చోటల్లా మధ్యలో ఒక కన్వర్టర్ కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దుకాణాల్లో ఇవి గుత్తులుగా వేలాడుతుంటాయి. కొనబోయేవాళ్లకు ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే ముక్కలో అంకెలను వోల్టులు చేసే చిప్పు ఉంటుంది, దానికి కరెంటు కావాలి. అందుకే అది వాడుతుంటే వెచ్చబడుతుంది, భయపడనక్కర్లేదు. కానీ అది ఒకవైపే పనిచేస్తుంది. వీజీఏ ఉన్న పాత కంప్యూటర్‌ను హెచ్‌డీఎంఐ టీవీకి తగిలించాలంటే అదే ముక్కను తిరగేసి వాడటం కుదరదు. దానికి వేరే కన్వర్టర్ ఉంటుంది, శబ్దానికి అదనంగా ఇంకో తీగ కూడా పెట్టుకోవాలి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే తీగలదీ ఇదే వరస, చాలావరకు ఒకవైపే. కాబట్టి దుకాణంలో ఈ సాకెట్, ఆ సాకెట్ అని చెప్పి ఆగిపోకండి. బొమ్మ ఎక్కడి నుంచి బయల్దేరుతోందో, ఎక్కడికి చేరాలో కూడా చెప్పండి. వీలైతే ఆ రెండు సాకెట్లనూ ఫోన్‌తో ఫోటో తీసి పట్టుకెళ్లండి.